గ్యాస్ పన్ను ఆపితే ఎవరికి ఎంత? పౌర విషయాల ఉపసంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉపసంఘం పనిలో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే సాగింది. అమెరికాలో మనం గ్యాస్ అని పిలిచే పెట్రోలు (గ్యాసోలిన్) ధర మండిపోతున్నప్పుడు ప్రభుత్వం దాని మీద పన్ను వసూలు కొన్నాళ్లు ఆపాలా, వద్దా? మన సభ్యుల్లో రోజూ గంటల తరబడి కారు నడిపి ఆఫీసుకు వెళ్లేవారున్నారు, గ్యాస్ స్టేషన్లు నడుపుకొనేవారున్నారు, రోడ్లు, వంతెనల పనుల్లో ఉన్న ఇంజనీర్లున్నారు. వీరిలో ఒకరికి లాభంగా కనిపించేది మరొకరికి నష్టం కావచ్చు. కనుక చర్చల్లో వచ్చిన వాదనలను, వేసిన లెక్కలను, చివరికి తేలిన అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా ఇస్తున్నాం. ఓటరు నమోదు సహాయం, పౌరసత్వ పరీక్ష తరగతులు యథావిధిగా జరిగాయి. వాటి వివరాలు కార్యదర్శి నివేదికలో చూడవచ్చు.

మన సంఘం పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా, పన్ను చట్టంలోని 501(సి)(3) కింద నమోదైనది. ఏ అభ్యర్థినీ సమర్థించడానికి, వ్యతిరేకించడానికి వీల్లేదు. ఒక విధానం మంచిచెడ్డలను విశ్లేషించి సభ్యులకు చెప్పడానికి మాత్రం అడ్డు లేదు. ఈ నివేదిక ఆ పరిధి దాటదు.

ముందే తేల్చి చెబుతున్నాం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్యాస్ పన్నును ఆపడం సరైన పని కాదు. రాష్ట్ర పన్నును ఆపడం కొన్ని షరతుల మీద ఒప్పుకోదగినదే. ఆ షరతులు కింద ఉన్నాయి.

పన్ను ఎంత, ఎటు పోతుంది

ఫెడరల్ పన్ను గ్యాలన్ గ్యాసోలిన్ మీద 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. 1993 నుంచి ఈ రేటు కదలలేదు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే అప్పటి 18.4 సెంట్ల విలువ ఇప్పుడు సగం కూడా లేదు. ఈ 18.4లో 15.44 సెంట్లు హైవే ఖాతాకు, 2.86 సెంట్లు బస్సులు, రైళ్ల వంటి ప్రజా రవాణా ఖాతాకు, మిగిలిన 0.1 సెంటు భూగర్భ ట్యాంకుల లీకులను శుభ్రం చేసే నిధికి వెళ్తాయి. మొదటి రెండు ఖాతాలూ కలిపి 1956లో ఏర్పడిన హైవే ట్రస్ట్ ఫండ్‌లో భాగం.

ఈ ఫండ్ సొంత ఆదాయంతో నిలబడలేక 2008 నుంచి సాధారణ ఖజానా మీద ఆధారపడుతోంది. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం ఒక్కటే దానికి 118 బిలియన్ డాలర్లు సర్దింది. అంటే పన్ను ఆపే మాట వచ్చేనాటికే ఫండ్ అప్పుసొప్పులతో నడుస్తున్నదన్నమాట. రోడ్డు పనిలో ముందు ఖర్చు పెట్టేది రాష్ట్రం. కాంట్రాక్టరుకు చెల్లించి, బిల్లు పంపి, ఇంటర్‌స్టేట్ పనులకు సాధారణంగా 90 శాతం, మిగతా చాలా పనులకు 80 శాతం ఫెడరల్ ప్రభుత్వం నుంచి రాబట్టుకుంటుంది. ఫండ్‌లో డబ్బు తగ్గితే ముందుగా ఆలస్యమయ్యేది ఈ తిరుగు చెల్లింపే. దాంతో రాష్ట్రం కొత్త టెండర్లు పిలవడం వాయిదా వేస్తుంది.

ఇక్కడే చాలామంది దృష్టికి రాని విషయం ఒకటుంది. రోడ్డుకు వేసే తారు కూడా ముడిచమురు నుంచి వచ్చేదే. చమురు ధర ఎక్కినప్పుడే తారు ధర కూడా ఎక్కుతుంది. పన్ను ఆపమనే ఒత్తిడి వచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఆదాయం కోసేయడం, పనుల ఖర్చు పెరగడం ఒకే నెలలో జరుగుతాయి. ఇంజనీరు సభ్యులు చర్చల్లో అన్నిటికన్నా గట్టిగా చెప్పిన సంగతి ఇదే.

పన్ను వసూలయ్యేది పంపు దగ్గర కాదు

చర్చల్లో ఎక్కువ అపోహలు ఇక్కడే కనిపించాయి. మనం గ్యాస్ కొట్టించుకునేటప్పుడు స్టేషన్ యజమాని మన దగ్గర ఫెడరల్ పన్ను వసూలు చేసి కడతాడని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి ఇంధనం టోకు నిల్వ కేంద్రమైన టెర్మినల్‌లో ర్యాక్ (లారీలకు నింపే చోటు) నుంచి ట్యాంకర్ లారీలోకి ఎక్కేటప్పుడే పన్ను పడుతుంది. టెర్మినల్ లెక్కల్లో ఆ సరుకు ఎవరి పేరున ఉందో ఆ కంపెనీ దాన్ని ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కు కట్టి, మూడు నెలలకోసారి ఫారం 720లో చూపిస్తుంది. అక్కడి నుంచి పంపిణీదారు, స్టేషన్ యజమాని, చివరికి మనం ఆ పన్నును ధరలో కలిపి మోస్తాం.

కాబట్టి పన్ను ఆపడమంటే ర్యాక్ దగ్గర కట్టేవారికి ఆపడం. అది పంపు దాకా దిగివస్తుందా, ఎంత దిగివస్తుంది అన్నది మార్కెట్ తేలుస్తుంది. చట్టం దాన్ని గట్టిగా శాసించలేదు.

రాష్ట్రం ఒక్కటే పన్ను ఆపితే పక్క రాష్ట్రాల నుంచి ఇంధనం ఇటు మళ్లుతుంది, సరఫరా పెరుగుతుంది, తగ్గింపులో చాలాభాగం వాహనదారుడికి అందుతుంది. దేశమంతటా ఒకేసారి ఆపితే ఆ వెసులుబాటు ఉండదు. వేసవిలో రిఫైనరీలు దాదాపు పూర్తి సామర్థ్యంతో నడుస్తుంటాయి. పైగా జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు తక్కువ ఆవిరయ్యే వేసవి మిశ్రమమే అమ్మాలి. ధర కాస్త తగ్గగానే జనం మరికాస్త తిరుగుతారు, కాని ఉత్పత్తి ఆ మేరకు పెరగదు. అప్పుడు పన్ను వదిలిన జాగాలోకి ధరే పాకుతుంది. ఫెడరల్ పన్ను విరామాన్ని (కొన్నాళ్లు ఆపడాన్ని) ఉపసంఘం వ్యతిరేకించడానికి ముఖ్యకారణం ఇది.

ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలు

2000 వేసవిలో ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రాలు గ్యాస్ మీద 5 శాతం అమ్మకపు పన్నును ఆపాయి. తర్వాత జరిగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, పన్ను ఆపినప్పుడు అందులో దాదాపు 70 శాతం ధరలో తగ్గింది, తిరిగి వేసినప్పుడు మాత్రం 80 నుంచి 100 శాతం ధరలోకి ఎక్కింది. దిగేటప్పుడు తక్కువ, ఎక్కేటప్పుడు ఎక్కువ.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక చమురు ధరలు ఎగిశాయి. మార్చి 18న మేరీల్యాండ్ 36.1 సెంట్ల పన్నును 30 రోజులకు ఆపింది. అదే రోజు జార్జియా 29.1 సెంట్లను ఆపి, పదే పదే పొడిగిస్తూ 2023 జనవరి 10 దాకా తీసుకెళ్లింది. కనెటికట్ ఏప్రిల్ 1 నుంచి 25 సెంట్లు ఆపింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పెన్ వార్టన్ బడ్జెట్ మోడల్ లెక్క ప్రకారం తగ్గింపులో వాహనదారుడికి అందినది మేరీల్యాండ్‌లో 72 శాతం, జార్జియాలో 58 నుంచి 65 శాతం, కనెటికట్‌లో 71 నుంచి 87 శాతం. విరామం పూర్తయ్యేదాకా ఆ తగ్గింపు నిలవని సందర్భాలూ ఉన్నాయని ఆ నివేదికే చెప్పింది.

2022 జూన్‌లో దేశ సగటు ధర గ్యాలన్‌కు 5 డాలర్లు దాటింది. జూన్ 22న అధ్యక్షుడు బైడెన్ మూడు నెలలు ఫెడరల్ పన్ను ఆపమని కాంగ్రెస్‌ను కోరారు. దానికయ్యే ఖర్చు సుమారు 10 బిలియన్ డాలర్లు. కాంగ్రెస్ కదలలేదు. అయినా ఆగస్టు మధ్యకల్లా సగటు ధర 4 డాలర్ల కిందికి వచ్చింది. పన్ను ప్రమేయం లేకుండానే డాలరుకు పైగా తగ్గిందంటే, ప్రధాన కారణం ముడిచమురు దిగడం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: బ్యారెల్‌కు 42 గ్యాలన్లు. బ్యారెల్ ధర 10 డాలర్లు మారితే గ్యాలన్‌కు దాదాపు 24 సెంట్ల తేడా. అంటే మొత్తం ఫెడరల్ పన్ను, బ్యారెల్ ధరలో 8 డాలర్ల కన్నా తక్కువ కదలికతో సమానం. చమురు మార్కెట్‌లో అంత కదలిక కొన్ని రోజుల్లోనే రావచ్చు.

ఇంటి లెక్క

ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే, గ్యాలన్‌కు 25 మైళ్లు ఇచ్చే కారును తీసుకుందాం. ఏడాదికి 480 గ్యాలన్లు, మూడు నెలలకు 120 గ్యాలన్లు. 18.4 సెంట్లూ పూర్తిగా తగ్గినా మూడు నెలలకు మిగిలేది 22 డాలర్లు. 70 శాతమే అందితే 15 డాలర్ల చిల్లర. నెలకు 5 డాలర్లు. మరోవైపు, నెలకు వెయ్యి మైళ్లు తిరిగేవారిలో గ్యాలన్‌కు 15 మైళ్లిచ్చే పెద్ద ట్రక్కుకు నెలకు 12 డాలర్లు మిగిలితే, 50 మైళ్లిచ్చే హైబ్రిడ్‌కు 4 డాలర్లు కూడా మిగలవు. ఎలక్ట్రిక్ కారుకు అసలేమీ రాదు. చాలా రాష్ట్రాలు ఆ కార్ల మీద వేసే వార్షిక రుసుము మాత్రం విరామంలోనూ కట్టాల్సిందే.

మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు. నెలకు తిరిగే మైళ్లను మైలేజీతో భాగించండి, ఆగే పన్నుతో గుణించండి, వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులే నమ్ముకోండి.

అయితే పన్ను ఆపాలన్న సభ్యుల వాదనను తేలిగ్గా తీసుకోలేదు. బస్సు సౌకర్యం లేని ఊళ్లో గంట కూలీకి పనిచేసేవారికి వారానికి ఒకటి రెండు డాలర్లు కూడా లెక్కే. దరఖాస్తు అక్కర్లేదు, అర్హత చూపక్కర్లేదు, మర్నాటి నుంచే ఎంతో కొంత తగ్గుతుంది. నేరుగా డబ్బు పంపడం ఆలస్యమవుతుందన్నదీ నిజమే. కాలిఫోర్నియా 2022లో 200 నుంచి 1,050 డాలర్ల దాకా పంపడానికి జూన్‌లో చట్టం చేస్తే చెల్లింపులు మొదలైంది అక్టోబర్‌లో. కాని అదే ఏడాది జార్జియా ఆదాయపన్ను కట్టినవారికి ఒంటరికి 250, జంటకు 500 డాలర్ల వరకు వాపసు చేసింది. పై లెక్కలో మూడు నెలల ఫెడరల్ విరామం ఇచ్చే 15 డాలర్లతో దీన్ని పోల్చి చూడండి. ఆ డబ్బు చిన్న కారున్నవారికీ పెద్ద కారున్నవారికీ ఒకటే, మధ్యలో ఎవరూ మిగుల్చుకోలేరు. సాయమే ఉద్దేశమైతే దారి ఇదని ఉపసంఘం నమ్ముతోంది.

రాష్ట్రం ఆపదలచుకుంటే

రోడ్ల ఖాతాకు తగ్గే మొత్తాన్ని మిగులు నిధుల నుంచి సర్దే ఏర్పాటు అదే చట్టంలో ఉండాలి. తిరిగి వేసేటప్పుడు మెట్లుమెట్లుగా వేయాలి. కనెటికట్ 2023 జనవరి 1 నుంచి మే 1 వరకు నెలకు 5 సెంట్ల చొప్పున పెంచుకుంటూ వచ్చింది. ఒక్క రాత్రిలో 25 సెంట్లు ఎక్కితే ముందురోజు స్టేషన్ల దగ్గర బారులు తీరతాయి, ట్యాంకులు ఖాళీ అవుతాయి. ఇక మూడోది, ఏ పన్ను ఆగుతుందో ప్రకటనలో స్పష్టంగా చెప్పాలి. కనెటికట్ ఆపింది గ్యాలన్‌కు ఇంతని వేసే ఎక్సైజు పన్ను మాత్రమే. టోకు అమ్మకాల మీద వేసే స్థూల ఆదాయ పన్ను అలాగే కొనసాగింది. జార్జియాలో స్థానిక అమ్మకపు పన్నులు కొనసాగాయి. ఇది తెలియక పంపు దగ్గర పనిచేసే పిల్లలతో గొడవపడటం న్యాయం కాదు.

స్టేషన్ నడిపే సభ్యులకు సూచనలు

విరామం మొదలయ్యే రాత్రికి మీ ట్యాంకుల్లో ఉన్న సరుకంతా పన్ను కట్టి తెచ్చినదే. 8,500 గ్యాలన్ల లోడు మీద ఫెడరల్ పన్నే 1,564 డాలర్లు, 29.1 సెంట్ల రాష్ట్ర పన్ను 2,473 డాలర్లు. పోటీదారు కొత్త సరుకు తెచ్చి ధర తగ్గిస్తే పాత సరుకును మీరు నష్టానికి అమ్మాలి. అందుకే:

తేదీ ప్రకటించగానే పెద్ద లోడు తెప్పించడం ఆపి, ఒకటి రెండు రోజులకు సరిపడా నిల్వతో నడపండి. మొదలయ్యే అర్ధరాత్రి ట్యాంక్ గేజ్ యంత్రం నుంచి ప్రతి ట్యాంకు నిల్వను ప్రింటు తీసి దాచండి. ఉన్న నిల్వకు వాపసు ఇస్తారా లేదా అన్నది ఆ రాష్ట్ర ఉత్తర్వు మీద ఆధారపడుతుంది. ఇస్తే రుజువు ఇదే. పంపిణీదారు ఇన్వాయిస్‌లో పన్నులు విడివిడి వరుసల్లో ఉన్నాయా చూడండి. ఆగిన పన్ను వరుసలో సున్నా పడిందీ లేనిదీ మొదటి లోడులోనే తేల్చుకోండి.

ముగిసేటప్పుడు ఇదే తిరగబడుతుంది. పన్ను లేని సరుకుతో ట్యాంకు నింపుకోవాలన్న ఆశ పుడుతుంది. కొన్నిసార్లు ప్రభుత్వం నిల్వల మీద కూడా పన్ను వేస్తుంది, అప్పుడు లాభమేమీ మిగలదు. ట్యాంకును అంచులదాకా నింపబోతే 90 శాతం దగ్గర అలారం మోగడం, 95 శాతం దగ్గర షటాఫ్ వాల్వు మూసుకోవడం, లారీ గొట్టంలో ఇంధనం ఇరుక్కుపోవడం, చిందితే శుభ్రపరిచే ఖర్చు మీద పడటం జరుగుతాయి. సొంత వ్యాపారంలో రోడ్డెక్కని యంత్రాలకు వాడే ఇంధనం మీద ఫారం 4136లో ఫెడరల్ పన్ను తిరిగి పొందేవారు, పన్ను ఆగిన కాలంలో కొన్న గ్యాలన్లను వేరుగా రాసుకోవాలి. కట్టని పన్నుకు వాపసు అడగకూడదు.

మన వలంటీర్ల ప్రయాణ ఖర్చు

పెద్దవాళ్లను ఆసుపత్రికి, ఇమిగ్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లే వలంటీర్లకు గ్యాస్ ధర నేరుగా తగులుతుంది. సేవా ప్రయాణాలకు, పన్ను లెక్కలో మైలుకు ఇంతని ఖర్చుగా తగ్గించి చూపుకోవడానికి ఉన్న ఐఆర్‌ఎస్ మైలు రేటు 14 సెంట్లు. అది చట్టంలోనే రాసి ఉండటంతో 1998 నుంచి మారలేదు. 2022 జూలైలో ఇంధన ధరల వల్ల వ్యాపార ప్రయాణాల రేటును 58.5 నుంచి 62.5 సెంట్లకు పెంచినప్పుడు కూడా దీన్ని ముట్టుకోలేకపోయారు. గ్యాలన్‌కు 25 మైళ్లిచ్చే కారులో గ్యాస్ 3.50 డాలర్లు దాటితే ఈ 14 సెంట్లు గ్యాస్‌కే చాలవు, టైర్ల అరుగుదల సంగతి సరే సరి. అలాంటప్పుడు మైలు రేటు బదులు అసలు గ్యాస్, ఆయిల్ ఖర్చు చూపుకోవచ్చు, దానికి రసీదులు ఉంచుకోవాలి. టోల్, పార్కింగ్ రెండు పద్ధతుల్లోనూ అదనం. తేదీ, పని, బయల్దేరినప్పుడు, తిరిగొచ్చినప్పుడు ఓడోమీటర్ అంకె అప్పటికప్పుడే రాసుకోండి. సంఘం నుంచి తీసుకోని ఖర్చు 250 డాలర్లు లేదా అంతకు మించితే మా లిఖితపూర్వక ధ్రువీకరణ అవసరం, రిటర్ను దాఖలు చేసేలోపే కోశాధికారిని అడిగి తీసుకోండి.

ఈ 14 సెంట్ల రేటును కూడా వ్యాపార రేటులాగే ధరలతోపాటు సవరించేలా చట్టం మార్చమని కోరుతూ ప్రతినిధుల సభ సభ్యులకు, సెనెటర్లకు పంపే నమూనా లేఖను ఉపసంఘం తయారు చేస్తోంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దాన్ని ఆమోదానికి పెడతాం. మీ ప్రయాణ లాగ్‌బుక్ నకళ్లను, పేర్లు తీసేసి, అంతకుముందే అందజేస్తే లేఖకు జతచేయడానికి వీలవుతుంది.

పౌర విషయాల ఉపసంఘం