చెవిని నొక్కకుండా నిలబడే హెడ్‌సెట్

ఒరేయ్,

నువ్వు చేస్తున్న, చెవికి తగిలించుకుని ఫోన్లో మాట్లాడే హెడ్‌సెట్ బొమ్మలు పంపావు కదా, తీరిగ్గా చూశాను. మాట్లాడుతుంటే జారుతోందని క్లిప్పు ఇంకాస్త బిగించావు, ఇప్పుడు జారడం లేదు గానీ పెట్టుకున్నవాళ్ళు అరగంటకే తీసి పక్కన పెడుతున్నారు, అదే కదా నీ గోల? బిగింపుతో నిలబెట్టాలని చూసినంతకాలం ఈ గొడవ తెగదురా. గట్టిగా పట్టుకుంటే నొప్పి, వదిలేస్తే జారుడు, ఈ రెంటి మధ్యే తిరుగుతూ ఉంటావు. హెడ్‌సెట్ చెవికి వేలాడాలి, బరువు పడాల్సిన చోట పడాలి, అప్పుడు స్ప్రింగు అవసరమే ఉండదు.

ముందు చెవి సంగతి చూడు. తమ్మె తప్ప డొప్పంతా మృదులాస్థి, దాని మీద పల్చటి చర్మం, మధ్యలో కొవ్వు దాదాపు లేదు. తమ్మెలో కొవ్వు ఉంది గానీ అక్కడ నువ్వేమీ తగిలించడం లేదు కదా. ఇలాంటి చోట ఒకే చుక్క మీద ఒత్తిడి పడితే చర్మంలోని సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, మంట మొదలవుతుంది, తర్వాత నొప్పి. మొదటి ఐదు నిమిషాల్లో ఇదేమీ తెలియదు. కాబట్టి పెట్టుకోగానే "బాగుంది" అన్నవాళ్ళ మాట పట్టించుకోకు, రెండు గంటలు పెట్టుకున్నాక ఏమన్నారో అది రాసుకో.

ఇంకో సంగతి. పాటలు వినేవాడి దవడ కదలదు, ఫోన్లో మాట్లాడేవాడి దవడ ఆగదు. దవడ కీలు చెవి నాళానికి ఆనుకునే ఉంటుంది, నోరు తెరిచిన ప్రతిసారీ నాళం ఆకారం కాస్త మారుతుంది. చెవి రంధ్రంలో వేలు పెట్టి ఏదైనా నములుతున్నట్టు చెయ్యి, నీకే తెలుస్తుంది. అందుకే పాటల ఇయర్‌బడ్లని చూసి టిప్పుని, అంటే చెవి రంధ్రంలో కూర్చునే మెత్తటి మొనని, లోపలికి దూర్చి నిలబెడదామనుకుంటే, మాట్లాడేకొద్దీ అదే బయటికి తోసుకొస్తుంది. పోనీ ఇంకా లోతుకి పంపుదామా అంటే, నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అందులో లోపలి భాగం ఎముక, దాని మీద చర్మం చాలా సున్నితం, అటువైపు వెళ్ళనే కూడదు. కదలని చోట్లు రెండున్నాయి. చెవి పైభాగం తలకి అతుక్కునే దగ్గర వెనకాల ఉండే గాడి ఒకటి, రంధ్రం బయట ఉన్న గుంట ఒకటి. బరువంతా గాడి మోయాలి, గుంటలో ఊరికే ఆనాలి, అంతే.

ఇప్పుడు బరువు. నీ బొమ్మలో బ్యాటరీ, బటన్లు, మైకు కాడ అన్నీ చెవి ముందే ఉన్నాయి, వెనకాల ఉత్త హుక్కు. కావడిలో ఒక్క తట్టకే బరువు వేసినట్టుంది, అది ముందుకి తిరగక ఏం చేస్తుంది? లెక్క వేసి చూడు. చెవికి 6 సెంటీమీటర్ల ముందు 5 గ్రాములుంటే, వెనక 2 సెంటీమీటర్ల దూరంలో దాన్ని తూచడానికి 15 గ్రాములు కావాలి. అంటే ముందు ఒక గ్రాము తగ్గిస్తే వెనక మూడు గ్రాములు మిగులుతాయి. కాబట్టి బ్యాటరీని వెనక్కి పంపు, కానీ దానికంటే ముందు ఆ కాడ బరువు తగ్గించు.

ఈ సమస్య పాతదే తెలుసా? తొలినాళ్ళ టెలిఫోన్ ఆపరేటర్లు మైకుని రొమ్ము మీద పలకకి తగిలించుకుని మాట్లాడేవాళ్ళు, తల మీద పెట్టుకోలేనంత బరువు మరి. 1961లో అమెరికాలో ఇద్దరు పైలట్లు ప్లాంట్రానిక్స్ కంపెనీ పెట్టి విమానాల కోసం తేలికపాటి హెడ్‌సెట్లు చేశారు. 1969లో చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు వినిపించింది కూడా ఆ కంపెనీ హెడ్‌సెట్‌లోంచే. ఆ తర్వాతి రకాల్లో నాకు అన్నిటికంటే నచ్చేది బోలు గొట్టం ఉన్నది. మైకు చెవి దగ్గరే ఉంటుంది, నోటి దాకా వచ్చేది సన్నటి ప్లాస్టిక్ గొట్టం మాత్రమే, మాట అందులోంచి ప్రయాణం చేస్తుంది. ముందు బరువు దాదాపు సున్నా! అంత తెలివైన పని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

నువ్వు రెండు చిన్న మైకులు పెట్టి కాడ పొట్టి చేశావు, అదీ మంచి దారే. అయితే ఆ రెండిటినీ కలిపే గీత నోటి వైపు చూడాలి. హుక్కు కాస్త తిరిగిందా, గీత మెడ వైపో ముక్కు వైపో పోతుంది, చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించడానికి హెడ్‌సెట్ లోపల జరిగే లెక్కలు నీ గొంతునే శబ్దం అనుకుని కోసేస్తాయి. పైగా మైకుకి నోరు రెట్టింపు దూరమైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పెట్టుకున్నవాడికి ఇదేమీ తెలియదు, అవతలివాడు "వినపడట్లేదు" అంటుంటే సిగ్నల్‌ని తిట్టుకుంటాడు. అందుకే జారకుండా ఉండటం అనేది సౌకర్యం ఒక్కదానికి సంబంధించింది కాదు, మాట వినపడటం కూడా దాని మీదే ఆధారపడింది.

చెవిని మూసేసే టిప్పు ఎందుకురా దీనికి? బాస్, అంటే పాటల్లోని లోతైన శబ్దాల కోసమా? మామూలు ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే, కొత్త రకం కాల్స్ 7000 దాకా, కొన్ని ఇంకా పైకి వెళ్తాయి, బాస్ పోతే పోయేదేం లేదు. మూస్తే సొంత గొంతు తలలో గుమ్మని మోగుతుంది, గంటసేపు మాట్లాడేవాడికి అది పెద్ద చిరాకు. కాస్త గాలి ఆడనివ్వు, పక్కనుంచి పిలిచినా వినపడుతుంది.

కళ్ళజోడు మాత్రం మర్చిపోకు. దాని కాడ కూడా ఆ గాడిలోనే కూర్చుంటుంది, అందుకని హుక్కు పైవంపు సన్నగా, మెత్తగా ఉండాలి, లావు ఏదైనా ఉంటే కిందికి, చెవి వెనక భాగానికి దించు. లోపల నికెల్ టైటానియం తీగ, పైన సిలికాన్ అయితే బాగా వంచినా మళ్ళీ ఆకారానికి వస్తుంది. చెవి పొడవు మనిషి మనిషికీ తేడా, ఒకే మనిషి రెండు చెవులూ కూడా ఒకలా ఉండవు, కాబట్టి టిప్పు సైజులు మూడు ఇచ్చి ఊరుకుంటే చాలదు, హుక్కు పొడవు కూడా జరిగేలా ఉండాలి.

ఈసారి క్లిప్పు స్ప్రింగు పూర్తిగా పీకెయ్. బ్యాటరీ బదులు వెనకాల మట్టి ముద్ద అంటించి బరువు సరిచూడు. నమిలి, ఆవలించి, వంగి లేచి, తల విదిలించి చూడు, కళ్ళజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి. రెండు గంటల తర్వాత చర్మం ఎక్కడ ఎర్రబడిందో ఫోటో తీసి పంపు, హుక్కు చివర వంపు ఎంత ఉండాలో అది చూసి చెప్తాను.

ఉంటానురా.