రోగం పేరు డాక్టరు చెప్పాలి, కోడ్ చార్టు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీరు మెడికల్ కోడింగ్ (రోగి రికార్డు చదివి, బిల్లు కోసం జబ్బుకీ చికిత్సకీ కోడ్ వేసే పని) మీద వేసిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. అమెరికా ఆసుపత్రుల బిల్లులు ఆలస్యం కావడానికి కోడర్లు సందేహం వచ్చి డాక్టర్లకు రాసి పంపే ప్రశ్నలే, అంటే క్వెరీలే కారణమట. 'డాక్టరు రాసింది రాసినట్టు కోడ్ వేసేస్తే గొడవే ఉండదు' అని ఒక మేనేజర్ అంటే, ఎదురు ప్రశ్న లేకుండా అచ్చువేశారు. పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రుల చార్టులు, అంటే రోగుల రికార్డులు చూస్తున్నదాన్ని. ఆ మాటను అలా వదిలేస్తే నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు నేనేం చెప్పను?

రాసింది రాసినట్టు ఎలా వేస్తాం? డిశ్చార్జి సమ్మరీలో 'యూరోసెప్సిస్' అని ఒక్క మాట ఉంటుంది. అది మూత్రనాళంలో ఇన్ఫెక్షనా, రక్తం దాకా పాకి ప్రాణం మీదికి తెచ్చిన సెప్సిసా? జబ్బుల కోడ్ల జాబితా అయిన ఐసీడీ-10లో ఆ మాటకు కోడే లేదు. డాక్టరును అడిగి తీరాలని కోడింగ్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అడగకుండా సెప్సిస్ వేస్తే ఆసుపత్రికి రాకూడని డబ్బు రావచ్చు. ఇన్ఫెక్షన్ అని సరిపెడితే ఆ రోగి ఎంత గండం గడిచి బయటపడ్డాడో రికార్డులో ఉండకుండా పోవచ్చు. ఇంకో చార్టులో 'హిస్టరీ ఆఫ్ క్యాన్సర్' అని ఉంటుంది, కింది పేజీలో కీమో నడుస్తూ ఉంటుంది. కోడింగ్‌లో హిస్టరీ అంటే తగ్గిపోయిన జబ్బు. డాక్టరు రాసేటప్పుడు మాత్రం ముందునుంచీ ఉన్న జబ్బు అనే అర్థంలో రాస్తారు. ఇందులో ఎవరి మోసమూ లేదు. నేను చూసిన తగాదాల్లో సగానికి సగం ఇలాంటివే.

ఆఫీసు విజిట్ల, అంటే రోగి డాక్టరు క్లినిక్‌కు వచ్చి చూపించుకునే వాటి సంగతి వేరు. 2021 నుంచి వాటి బిల్లు లెవెల్ తేల్చేది డాక్టరు తీసుకున్న నిర్ణయాల బరువు, లేదా ఆ రోజు ఆ రోగికి పెట్టిన మొత్తం సమయం. 99214 అనే పై లెవెల్ కోడ్‌కు సమయం లెక్కన పోతే కనీసం 30 నిమిషాలు ఉండాలి. డాక్టరు రాసిన నోటు ఎంత పొడుగుందన్నది లెక్కలోకి రాదు. అయినా కిందటిసారి నోటునే కాపీ చేసి మూడు పేజీలు నింపి, మామూలు జలుబుకు 99214 ఎందుకు వేయలేదని కోప్పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కోడర్లూ తప్పులు చేస్తారు. ఒక డాక్టరమ్మ వేసిన 99214ని నేను ఒక మెట్టు కిందిదైన 99213కి దించాను. ఆవిడ ఫోన్ చేసి, 'బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, రెండూ అదుపులోనే ఉన్నాయి, రెండింటికీ మందులు చూసి రాశాను, నోట్లో చూడమ్మా' అన్నారు. చూశాను. ఆవిడదే రైటు. ఐదు నిమిషాల్లో సరిచేశాను. ఆ రోజు నుంచి దించే ముందు నోటు రెండోసారి చదువుతున్నాను.

అడగడానికీ ఒక పద్ధతుంది. 'సోడియం 124కి పడింది, నీళ్లు తగ్గించమని ఆర్డరుంది, దీనికి మీ నిర్ధారణ ఏమిటి?' అనవచ్చు. 'హైపోనట్రీమియా (రక్తంలో సోడియం తగ్గడం) అని రాస్తారా?' అని పేరు మేమే అందించకూడదు, రాస్తే ఆసుపత్రికి ఎంత వస్తుందో అసలే చెప్పకూడదు. ల్యాబు రిపోర్టు చూసి రోగం పేరు మేం పెట్టకూడదు. డాక్టరు పెట్టిన పేరును మాకు నచ్చలేదని తీసెయ్యనూ కూడదు. అనుమానముంటే రాతలో అడగాలి, తేలకపోతే ఇలాంటి తగాదాలు చూసే ఆసుపత్రి డాక్టరు, అంటే ఫిజిషియన్ అడ్వైజర్ దాకా తీసుకెళ్లాలి. ఫోన్లో 'పై కోడ్ వేసెయ్' అంటే వేసెయ్యడం కాదు. అలాంటి ఫోన్లు నాకొచ్చాయి కాబట్టే చెబుతున్నాను. 1863 నాటి అమెరికా ఫాల్స్ క్లెయిమ్స్ (తప్పుడు బిల్లుల) చట్టం కింద పట్టుబడితే ప్రభుత్వానికి జరిగిన నష్టానికి మూడింతలు కట్టాలి, ఒక్కో తప్పుడు క్లెయిముకు జరిమానా వేరే. అప్పుడు ఆ ఫోన్ చేసినవాళ్లు కనిపించరు. చార్టు మీద మిగిలేది కోడర్ ఐడీ.

ఇక ట్రైనింగ్ సెంటర్లు. పరీక్ష గట్టెక్కే కిటుకులు నేర్పుతాయి గానీ, ఒక ఆపరేషన్ నోటు మొదటినుంచి చివరిదాకా చదివించవు. డాక్టరుకు క్వెరీ ఎలా రాయాలో ఒక్క పూట కూడా చెప్పవు. ఆ పిల్లలు ఉద్యోగంలో చేరిన మూడో వారానికి డాక్టరు నుంచి ఒక ఘాటైన మెయిలు వస్తుంది. భయపడి కోడ్ మార్చేస్తారు. వాళ్లను నేనేమీ అనలేను. గంటకిన్ని చార్టులని టార్గెట్ పెట్టి, క్వెరీకి పట్టే సమయాన్ని పనిగా లెక్కెయ్యని చోట ఎవరు మాత్రం అడుగుతారు?

మీ వ్యాసంలో మాట్లాడిన మేనేజరు గారిని నేను కోరేది ఒక్కటే. క్వెరీ పంపిన చార్టును ఆ రోజు టార్గెట్‌లోంచి తీసెయ్యండి. ఆ పని ఈ వారమే చెయ్యవచ్చు.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్