ఉద్దానం నుంచి కృతజ్ఞతలు: కోత మిషన్లతో వచ్చినవాళ్లకూ, కర్రలు మోసినవాళ్లకూ

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. తిత్లీ తుపాను పోయాక తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి ఒక్కటే అడిగాం. తోటలో చెట్లు పడి ఉన్నాయి, వంటచెరకు ఎవరికి కావాలన్నా ఊరికే పట్టుకెళ్లండి, కాకపోతే కోయడానికి మా దగ్గరున్న చైన్ రంపం మిషన్ చాలడం లేదు, పెద్దది ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి అని. ఇంతమంది కదులుతారని మాత్రం అనుకోలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. నవరాత్రులు మొదలైన మర్నాడే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస నేలమీదే. తాతలు పెట్టిన చెట్లవి. రోడ్లమీద పడినవాటిని ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లూ, ఊళ్లోని కుర్రాళ్లూ కలిసి తీశారు. తోటల్లోవి ఎవరివి వాళ్లే తీసుకోవాలి కదా. మా ఇంట్లో ఉన్నది 16 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న చిన్న మిషన్, కొమ్మలు కొట్టుకోవడానికి కొన్నది. జీడి కొమ్మల వరకు బాగానే కోసింది. పనస మాను దగ్గరికి వచ్చేసరికి ఈ పక్క నుంచి సగం, ఆ పక్క నుంచి సగం కోయాలి. కొబ్బరైతే మరీ కష్టం. మిగతా చెట్లకు లోపల చేవ ఉంటుంది, కొబ్బరికి గట్టిదనమంతా పైనే. దానికి తోడు గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మానులకు పట్టి ఉంది. నాలుగు కోతలకే చైన్ మొద్దుబారిపోయేది.

పడిన కొబ్బరి మానులను తర్వాత చూద్దాంలే అని వదిలేయడానికీ లేదు. అవి కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరుగుతుంది. అది వెళ్లి నిలబడ్డ చెట్ల మొవ్వులే తింటుంది. మిగిలినవే కొన్ని. వాటినీ పోగొట్టుకుంటామేమోనని మా టెన్షన్.

అలాంటప్పుడు కోనసీమలోని అంబాజీపేట నుంచి నలుగురు బయల్దేరి వచ్చారు. రెండు పెద్ద మిషన్లు, 22 అంగుళాల బార్‌లు, 58 సీసీ ఇంజన్లు. మాకు చుట్టాలు కారు, స్నేహితులూ కారు, మా మెసేజ్ చేతులు మారి వాళ్లదాకా వెళ్లిందంతే. ఇంత దూరం ఎందుకొచ్చారండీ అని మా అమ్మ అడిగితే వాళ్లలో పెద్దాయన, "1996 నవంబరులో మాకూ ఇలాగే అయ్యిందమ్మా, అప్పుడు మా నాన్న తోటలో కూర్చుని ఏడవడం నేను చూశాను" అన్నారు. ఆ మాటతో మా అమ్మ ఇంకేమీ అడగలేదు, లోపలికెళ్లి అన్నం వార్చింది. పేర్లు రాయొద్దని మరీ మరీ చెప్పి వెళ్లారు కాబట్టి రాయడం లేదు. అన్నయ్యా, మీకూ మీతో వచ్చిన తమ్ముళ్లకూ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

ఆయన కోసి ఇచ్చి వెళ్లిపోలేదు, నేర్పించారు. ఇది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. చైన్‌కు పదునుందో లేదో చూడాలంటే పన్ను చూడక్కర్లేదు, కింద రాలే పొట్టు చూస్తే చాలు. రేకుల్లా ఎగిరిపడితే పదునున్నట్టు, పిండిలా రాలితే ఆపేయాలి. ఆ చైన్‌కు 4.8 ఎంఎం గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. ముందుకు తోసేటప్పుడే ఆనించాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. ప్రతి పన్నుకూ అన్నే దెబ్బలు, లేకపోతే కోత ఒక పక్కకు లాగేస్తుంది. పెట్రోల్‌లో లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపాలి. చైన్‌కు పోసే ఆయిల్ వేరు, అది అయిపోయిందంటే బార్ కాలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వేళ్లతో సహా పెళ్లగిలిన చెట్టు. మాను కోసి బరువు తీసేయగానే మొదలు ఒక్కసారిగా లేచి గోతిలోకి వాలిపోవచ్చు. అందుకని ఆయన మిషన్ స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ చుట్టూ తిరిగి, గోతిలో పిల్లలెవరూ లేరని కళ్లారా చూసుకునేవారు. మాను బరువుకు కోత మూసుకుని బార్ పట్టేయకుండా వెనకనుంచి చెక్క చీల దిగ్గొట్టేవారు. అంత పెద్ద పనస మాను ఆయన చేతిలో నిదానంగా, ఎవరికీ దెబ్బ తగలకుండా ముక్కలైంది. ఆ పనసను పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక మంచి దుంగలు పక్కన పెట్టించాం. తలుపులకూ బల్లలకూ పనికొస్తాయి.

సోంపేట మెకానిక్ మామకు కూడా దండాలు. కరెంటు లేని రోజుల్లో టార్చిలైటు పెట్టుకుని మా చిన్న మిషన్ కార్బురేటర్ విప్పి బాగుచేసి, డబ్బులు ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకున్నాడు. విశాఖ స్నేహితులు చైన్లు, ఆయిల్ డబ్బాలు పంపారు. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లు కాబట్టి ఏం కావాలో వాళ్లకు మేం చెప్పాల్సిన పని లేకపోయింది. డ్వాక్రా అక్కచెల్లెళ్లు బడి ఆవరణలో పొయ్యిలు పెట్టి అందరికీ వండారు. గ్యాస్ బండ్లు రాక, మోటార్లు తిరగక ఉన్న ఆ రోజుల్లో సరుగుడు, జీడి కర్రలే ఊరికి అన్నం పెట్టాయి. సరుగుడు కొంచెం పచ్చిగా ఉన్నా మండుతుంది. కొబ్బరి మాత్రం చీల్చి ఎండబెట్టాల్సిందే. కర్రలు చీల్చి మోపులు కట్టి మోసిన కాలేజీ పిల్లలు ముందు ముసలివాళ్లున్న ఇళ్లకు చేరవేశారు, తర్వాతే తమ ఇళ్లకు. ఆ వరస ఎవరూ చెప్పలేదు, వాళ్లే పెట్టుకున్నారు.

ఇటుక బట్టీకి అమ్మితే డబ్బొచ్చేది కదా అని కొందరన్నారు. నష్టపోయిన రైతు అమ్ముకుంటే తప్పేమీ లేదు. మా నాన్నగారు మాత్రం "ముందు మన ఊరి పొయ్యిల్లోకి పోనీ, మిగిలితే చూద్దాం" అన్నారు.

అంబాజీపేట వాళ్లు వెళ్తూ ఒక మిషన్ మా దగ్గరే ఉంచేశారు. పని ఉన్న ఊరికల్లా తిప్పండి, అంతా అయ్యాకే పంపండి అన్నారు. ఇప్పుడది వజ్రపుకొత్తూరు వైపు ఒక తోటలో ఉంది. కావలసినవాళ్లు మా ఇంట్లో చెబితే వరసలో పేరు రాస్తాం. మిషన్‌తో పాటు నడిపే కుర్రాడు కూడా వస్తాడు, పెట్రోల్, చైన్ ఆయిల్ మీరు పెట్టుకుంటే చాలు. తోట వెనక గట్టున చీల్చిన జీడి కర్రలు ఇంకా ఉన్నాయి. ట్రాక్టరు తెచ్చుకుంటే పిల్లలు ఎక్కిస్తారు.