పూతరేకంత పలచగా

కొత్తపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

"ఎయిర్‌బ్రష్ కొనమంటావా, వద్దంటావా" అని మన బుల్లి సిపాయి బొమ్మలకి గాలితో రంగు చిమ్మే ఆ గన్ను గురించి ఫోన్లో అడిగేవు చూడు, ఒక్క ముక్కలో చెప్పేసి పెట్టేద్దామనుకున్నాను. నాకూ ఒకడు అలాగే "కొనెయ్ గురూ" అన్నాడు. కొని, మూడు నెలలు దాన్నీ వాణ్ణీ కలిపి తిట్టుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. పొద్దుట్నుంచీ ముసురు పట్టి ఉంది, నాకూ కదిలే పని లేదు.

ముందు డబ్బు సంగతి. అందరూ గన్ను మీద ఎక్కువ తగలేసి, దానికి గాలి అందించే కంప్రెసర్ దగ్గర పిసినారితనం చూపిస్తారు. నేనూ అదే చేసేను. అరచేతిలో పట్టేంత బుల్లిది కొన్నాను. ఆయాసం ఉన్నవాడి ఊపిరిలా గాలి ఆగి ఆగి వచ్చేది, గీత గీస్తే మధ్యలో ఎక్కడికక్కడ మచ్చలు. నువ్వు ట్యాంకు ఉన్నది తీసుకో, మూడు లీటర్లది చాలు. గాలి అందులో నిలవుండి అక్కణ్ణుంచి ఒకే తీరుగా వస్తుంది. దానికి గాలి జోరు సరిచేసే రెగ్యులేటరూ, నీళ్ళు పట్టే మాయిశ్చర్ ట్రాపూ ఉన్నాయో లేదో చూసుకో. గన్ను డబుల్ యాక్షన్‌ది, అంటే ఒకే మీటతో గాలినీ రంగునీ విడివిడిగా వదిలేది, రంగు గిన్నె పైన ఉండేది, 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌ది. 0.2 మీద మోజు పడకు. అది చెయ్యి తిరిగినవాళ్ళకి, మనకైతే పది నిమిషాలకోసారి పూడుకుపోతుంది.

ఈ సరంజామా అంతా చూసి నాన్న "సుడిదోమకి కొట్టడానికేంట్రా ఇది?" అన్నారు. నవ్వేను గానీ, చేలో మందు కొట్టేవాళ్ళకి తెలిసినవే ఇక్కడా పనికొచ్చేయి. వడకట్టకుండా పోస్తే నాజిల్ పూడుతుంది, కడక్కుండా వదిలేస్తే మర్నాడు మొరాయిస్తుంది, గాలికి ఎదురు నిలబడితే మొహానే పడుతుంది. ఆ చివరిది తేలిగ్గా తీసుకోకు. అక్రిలిక్ అంటే నీళ్ళ రంగే కదా, వాసనైనా లేదు కదా అని తుండుగుడ్డ కట్టుకుని కూర్చున్నాను. రాత్రి ముక్కు చీదితే నీలం! మంచి మాస్కు, కిటికీలో బయటికి లాగే ఫ్యాను, ఈ రెండూ లేకుండా మొదలెట్టకు.

అసలు విద్యంతా రంగు పలచన చెయ్యడంలో ఉంది. పాలంత పలచగా అంటారు అందరూ. ఏ పాలు? మా గేదె పాలా, ప్యాకెట్ పాలా? నాకు ఆ ముక్క బోధపడింది ఆత్రేయపురంలో. అత్తయ్యతో పూతరేకులకని వెళ్ళేను. బోర్లించిన కుండ కింద మంట, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగుతుందావిడ, కళ్ళు మూసి తెరిచేలోగా రేకు ఆరిపోతుంది. పిండి చిక్కనైతే రేకు మందం, మరీ నీళ్ళయితే చిల్లులు. అక్కడే నిలబడి "ఓహో" అన్నాను. పేరులోనే ఉంది కదరా పూత! ఇంటికొచ్చి గిన్నె అంచుకి రంగు రాసి చూసేను. జారిన చోట సన్నటి పొర మిగిలితే సరిపోయినట్టు. అడుగు కనిపించినా ఫరవాలేదు, ఆరనిచ్చి ఇంకో పూత, ఆపైన ఇంకోటి. బొమ్మ మొహం మీది గీతలన్నీ పూడిపోకుండా ఉండాలంటే అదే దారి.

సిటాడెల్ కంపెనీ మామూలు డబ్బాలో రంగు బ్రష్షు కోసం చిక్కగా ఉంటుంది, పలచన చెయ్యక తప్పదు. వల్లేహో కంపెనీ వాళ్ళ మోడల్ ఎయిర్ రంగు ముందే పలచగా వస్తుంది, మొదట్లో అదే నయం. పలచన చెయ్యడానికి ఆ రంగు వాళ్ళ థిన్నరే వాడు. తొందరగా ఆరుతుందని నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే గిన్నెలోనే పాలు విరిగినట్టు విరిగి జిగురయ్యింది. గాలి ఒత్తిడి 20 పీఎస్ఐ దగ్గర పెట్టుకో. బొమ్మ మీద ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తోందంటే రంగు దారిలోనే ఆరిపోతోందన్నమాట, దగ్గరికి జరుగు. సాలీడు కాళ్ళలా నాలుగు వైపులా పాకితే రంగు మరీ నీళ్ళయింది, లేదా మరీ దగ్గరగా పెట్టేవు.

మన గోదావరి గాలితో ఒక పేచీ ఉంది. శ్రావణంలో ప్రైమర్, అదే రంగుకి ముందు వేసే అడుగు పూత, కొడుతుంటే మధ్యలో తుప్పున నీళ్ళు ఉమ్మింది. ఏమీ లేదు, తేమ గాలిని కంప్రెసర్ నొక్కి వేడెక్కిస్తుంది, గొట్టంలో చల్లబడేసరికి ఆ తేమ నీరవుతుంది. అందుకే పొడుగాటి గొట్టం వేసి, ట్రాప్‌ని గన్నుకి దగ్గరగా పెట్టుకున్నాను. పని అయ్యాక ట్యాంకు కింద మర విప్పితే గ్లాసు అడుగుకొచ్చేటన్ని నీళ్ళు!

కొత్త బొమ్మ మీద చెయ్యి పెట్టకు. ముందు పాత పేపరు మీద చుక్కలు, గీతలు. చెల్లి చూసి "ముగ్గులు నేర్చుకుంటున్నావా అన్నయ్యా" అంది. నిజానికి నాకు నేర్పింది అదే. చెయ్యి కదిలాకే పిండి వదలాలి, ఆగేలోపే పిండి ఆపాలి, లేకపోతే పోగు పడుతుందంది. ఇదీ అంతే. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గాలి ముందు, రంగు తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు, గాలి ఆఖర్న.

ఇక మన బొమ్మల చందుర్తి యుద్ధం. బెంగాల్ సిపాయిలు నలభై మంది, 28 మిల్లీమీటర్ల బొమ్మలు, బల్ల మీద వరసగా నిలబడ్డారు. 1758 డిసెంబరులో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్ వెంట వచ్చిన ఈ సిపాయిల ఎర్ర కోట్లు చూసే కదా, తెల్లవాళ్ళ పటాలం అనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీదికి పోయేరు! అసలు పటాలం ఏపుగా ఎదిగిన చేను మాటున ఉంది. అంటే ఆ యుద్ధంలో ఎరుపు తప్పితే కథే తప్పుతుంది. నల్ల ప్రైమర్ మీద నేరుగా ఎరుపు కొట్టేను, వక్కపొడి రంగొచ్చింది. రెండోసారి, ఒంటినిండా నలుపు కొట్టి, ఎండ పడినట్టు ఏటవాలుగా పైనుంచి లేత గులాబీ, నడినెత్తిన కాస్త తెలుపు, ఆ మీద పలచటి ఎరుపు మూడు పూతలు. భుజాలు మెరుస్తున్నాయి, చంకల్లో నీడ దానంతటదే నిలిచింది. నలభై మందికీ ఒక్క సాయంత్రం పట్టింది. బ్రష్షుతోనైతే నాకు పక్షం రోజులు. తెల్ల పట్టీలూ మీసాలూ మాత్రం బ్రష్షుతోనే వేసేను. ఎయిర్‌బ్రష్ కొన్నాక బ్రష్షులు పారెయ్యొచ్చని ఎవడైనా అంటే నమ్మకు.

కడగడం విసుగే. రంగు మార్చినప్పుడల్లా నీళ్ళు పోసి వదలాలి, రోజు చివర సూది బయటికి తీసి తుడవాలి. సూదిని వెనక నుంచే లాగు, కొస దేనికీ తగలనివ్వకు. గిన్నెలో బుడగలొస్తే నాజిల్ వదులైందనో చిట్లిందనో అర్థం. ఆ నాజిల్ బియ్యపు గింజంత కూడా ఉండదు. మొన్న నూతి గట్టు మీద కూర్చుని కడుగుతుంటే వేళ్ళ మధ్య నుంచి జారి తూములోకి పోయింది. బురదంతా తోడి, జల్లెడ పట్టి గంటన్నర వెతికేను. అమ్మకి ఉంగరం పడిపోయిందని చెప్పేను. ఇప్పుడావిడ రోజూ ఉంగరం దొరికిందా అని అడుగుతోంది.

సంక్రాంతికి వస్తావు కదా. నీ ఫ్రెంచివాళ్ళకి ప్రైమర్ కొట్టకుండానే పట్టుకురా, సబ్బునీళ్ళతో కడిగి మాత్రం తే. వచ్చేటప్పుడు అక్కడ దొరికితే 0.3 నాజిల్ ఒకటి తీసుకురా. అమ్మ ఎదురుగా ఇవ్వకు.

నీ
బావ