చెవిలో చేప పడేదాకా

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరూ కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, వర్షాలకు పెరటి గోడ నానింది గానీ పడలేదు. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను, ఎందుకంటే ఈ సంగతి నీకు చెబితే గాని నా మనసు నిలిచేలా లేదు.

సెలవులకు వచ్చిన మా మేనల్లుడి చేత 1984 నాటి 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' ఆట ఆడించాను. బొమ్మ ఒక్కటీ లేకుండా, ఏం చెయ్యాలో మాటల్లో టైపు చేస్తూ అక్షరాలతోనే నడిపే ఆ కంప్యూటర్ ఆటను రచయిత డగ్లస్ ఆడమ్స్, స్టీవ్ మెరెట్స్కీ కలిసి రూపొందించగా, అమెరికాలోని ఇన్ఫోకామ్ సంస్థ విడుదల చేసింది. అందులోని బేబెల్ చేప చిక్కుముడి ఎంత కఠినమైనదంటే, దాన్ని విప్పినవారు గర్వంగా తొడుక్కోవడానికి 'నాకు బేబెల్ చేప దొరికింది' అన్న మాటలతో టీషర్టులు కూడా అమ్మారు.

గ్రహాంతరవాసుల ఓడలో ఒక యంత్రం ఉంటుంది. మీట నొక్కితే చేప బయటికి దూసుకువచ్చి, ఎదుటి గోడలో కొక్కేనికి కిందగా ఉన్న చిన్న కన్నంలోకి మాయమవుతుంది. ఆ బేబెల్ చేప మన చెవిలో దూరితే తప్ప వాళ్ల మాటలు అర్థం కావు, కథ సాగదు. యంత్రంలో చేపలూ కొన్నే. వాడు నొక్కాడు, చేప పోయింది; మళ్లీ నొక్కాడు, మళ్లీ పోయింది; వాడి ముఖం చిన్నబోయింది.

అప్పుడు నాకు మైక్ డోర్న్‌బ్రూక్ గుర్తుకు వచ్చాడు. ఇన్ఫోకామ్ వారి 'జోర్క్' ఆటను పరీక్షించిన ఆయన, మధ్యలో చిక్కుబడి ఉత్తరాలు రాసిన ఆటగాళ్లకు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసేవాడు. ఉత్తరాలు పెరిగిపోయి అది సాధ్యం కాకపోయేసరికి 'ఇన్విజిక్లూస్' అనే చిన్న పుస్తకాలు తెచ్చాడు. వాటిలో ప్రశ్న మాత్రమే కనబడుతుంది, దాని కింద ఖాళీ గళ్లు ఉంటాయి. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో గడిలో ఒక్కో సూచన తేలుతుంది. మొదటిది దారివైపు చూపు తిప్పుతుంది, ఆఖరిది పూర్తి జవాబు చెప్పేస్తుంది. పేజీ తిరగేసినవాడు ప్రశ్నలను బట్టే కథ పసిగట్టకుండా, ఆటలో లేనివాటి మీద కూడా ప్రశ్నలు కల్పించి కలిపారు. ఆటగాడి తెలివి మీద ఎంత గౌరవం ఉంటే ఇంత శ్రద్ధ పుడుతుందో ఆలోచించు! ఒకప్పుడు నువ్వు నాకు చేసిన సహాయం సరిగ్గా ఇలాంటిదే, అది నేను మరచిపోలేదు.

నేనూ అదే పద్ధతి పట్టుకుని, "కన్నం చుట్టూ ఏముందో చదువు" అని మాత్రం అన్నాను. వాడు కొక్కేనికి గౌను తగిలించాడు. చేప గౌనుకు తగిలి జారి, నేలమీది తూములో పడింది. తూము మీద తువ్వాలు పరిచాడు. ఈసారి శుభ్రం చేసే రోబో ఒకటి పరుగున వచ్చి, చేపను ఎత్తుకుని గోడలోని చిన్న తలుపు గుండా పోయింది. ఆ తలుపుకు సంచి అడ్డం పెట్టాడు. రోబో దానికి గుద్దుకోగా చేప గాలిలోకి ఎగిరింది, గది పై భాగాన్ని శుభ్రం చేసే మరో రోబో దాన్ని పట్టుకుపోయింది. వాడు కాసేపు ఆలోచించి, "పైనున్నదానికి వేరే పని పెట్టాలి మామయ్యా" అన్నాడు. నా ఒళ్లు పులకరించింది!

అయితే అందుకు కావలసిన ప్రకటనల ఉత్తరాల కట్ట ఆట మొదట్లో ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది, ఈలోగా కథలో భూమే నాశనమైపోయింది. నా దృష్టిలో అసలు అన్యాయం ఇక్కడే ఉంది. మిగతా మెట్లన్నీ కళ్ల ముందున్నవే, ప్రతి ఓటమీ తరువాతి అడుగును చూపిస్తుంది. దీనికి మాత్రం ముందస్తు హెచ్చరిక లేదు. ఇలాంటి ముడి వేసినవారికి చెయ్యి అందించే బాధ్యత కూడా ఉంటుంది. ఆటల రూపకర్త రాన్ గిల్బర్ట్ బృందం 2017లో 'థింబుల్‌వీడ్ పార్క్' అనే ఆట విడుదలైన తరువాత, ఆటలోని ఫోన్‌లోనే సూచనలు చెప్పే నంబరు చేర్చింది, అక్కడా సాయం కొంచెం కొంచెంగానే దొరుకుతుంది.

వాడు విసుక్కోకుండా మొదటినుంచి ఆడి, ఉత్తరాల కట్టను సంచి మీద పెట్టి మీట నొక్కాడు. కాగితాలు చెల్లాచెదురుగా ఎగిరాయి, పై రోబో వాటిని ఏరుకునే పనిలో పడింది, చేప వచ్చి చెవిలో పడింది! వాడు వేసిన కేకకు మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకుని వచ్చింది. నేను జవాబు చెప్పేసి ఉంటే ఆ కేక...

వాడు మళ్లీ పిలుస్తున్నాడు. ఆటలో ఇంకో చిక్కుముడి వచ్చిందట: 'టీ', 'టీ లేకపోవడం' రెండూ ఒకేసారి చేతిలో ఉండాలట, మొదటి సూచన అడుగుతున్నాడు, వెళ్లాలి.

నీ స్నేహితుడు