మొన్నటి ఎగ్జిబిషన్ స్టాల్ గురించి, మొదటి రోజు ఆర్డర్ల గురించి

మా చెక్క ల్యాంపులు ఏళ్లుగా కొంటున్నవాళ్లలో చాలామంది మొన్నటి ట్రేడ్ ఎగ్జిబిషన్‌కి వచ్చారు. వచ్చి రెండు మాటలన్నారు. "ఆ లైటింగేంటి, మీ ల్యాంపులు మీ ల్యాంపుల్లా లేవు" అని ఒకటి. "ముందర టేబుల్ కూడా లేదు, స్టాల్ సగంలో ఆపేశారా" అని ఇంకొకటి. మొదటిది మాకు జరిగిన అన్యాయం. రెండోది నేను కావాలని చేసింది, మళ్లీ అలాగే చేస్తాను.

ముందు లైట్ల సంగతి. ఇలాంటి హాళ్లలో ఎక్కడో పైకప్పు దగ్గర పెద్ద పెద్ద తెల్ల లైట్లుంటాయి. ల్యాంపులు అమ్మేవాళ్లకి అదే పెద్ద ఇబ్బంది. అందుకే స్టాల్ కట్టే ఫ్యాబ్రికేటర్‌కి అన్నీ కాగితం మీద రాసిచ్చాం. 3000 కెల్విన్ వార్మ్, అంటే పసుపు వెలుగు స్పాట్ లైట్లు కావాలి, రంగులు ఉన్నవి ఉన్నట్టు ఎంతవరకు కనపడతాయో నూటికి చెప్పే కొలత సీఆర్ఐ, అది 90కి తగ్గకూడదు. వెనక గోడకి మెరుపు లేని మ్యాట్ గుడ్డ మీద ప్రింటు. స్పాట్ లైట్లకి ఒక కరెంటు లైను, మా ల్యాంపులకి వేరే లైను. అన్నిటికీ తలూపి అడ్వాన్సు తీసుకున్నాడు. తీరా బిగించినవి 6500 కెల్విన్ తెల్ల లైట్లు, వెనక తళతళలాడే ఫ్లెక్స్, మొత్తానికి కలిపి ఒకటే లైను. స్పాట్ లైట్లు ఆపితే ల్యాంపులూ ఆరిపోతాయి. వేసి ఉంచితే ఫ్లెక్స్ మీద తెల్ల మరకలు పడి మా పేరే చదవడానికి లేదు. అడిగితే, "వెలుతురు బాగుంటేనే కదా సార్ జనం వచ్చేది" అన్నాడు.

ఆ మాట నాకింకా మింగుడు పడట్లేదు. చుట్టూ స్టాళ్లన్నీ ఒకే తెల్ల వెలుగులో ఉన్నప్పుడు, కాస్త మసకగా, పసుపు వెలుగులో ఉన్న మూలే ముందుగా కంటపడుతుంది. మా ల్యాంపు మీది గుడ్డ షేడ్‌లోంచి దిగి చెక్క మీద పడే వెలుగు చూసే మీరు మా ల్యాంపులు కొంటారు. ఆ వెలుగునే కనపడకుండా చేసి, జనం కోసమే చేశానంటాడు.

అలాంటి హాల్లో వైరింగ్ మనం ముట్టుకోకూడదు, వాళ్ల ఎలక్ట్రీషియనే చెయ్యాలి. ఆయన వచ్చి లైను విడగొట్టేసరికి మొదటి రోజు గడిచిపోయింది. మర్నాటి నుంచి స్పాట్ లైట్లన్నీ ఆపేసి, ఫ్లెక్స్ పీకేసి, మా ల్యాంపుల వెలుగులోనే స్టాల్ నడిపాం. వెనక గోడ బోసిగా కనపడింది అందుకే.

ఇక టేబుల్. ఈ ఒక్క నిర్ణయానికి పడినంత టెన్షన్ మిగతా వేటికీ పడలేదు. ఇంట్లోవాళ్లూ, మా పనివాళ్లూ అందరూ టేబుల్ ఉండాల్సిందే అన్నారు. కొన్ని రాత్రులు నాకే వాళ్లన్నది నిజమేమో అనిపించింది. కానీ మూడు మీటర్లకి మూడు మీటర్ల జాగాలో ముందర అడ్డంగా టేబుల్ వేస్తే, వచ్చినవాళ్లు బయట దారిలోనే ఆగిపోతారు. వెనక జనం రాసుకుంటూ పోతుంటే ఏ వస్తువునీ నింపాదిగా చూడలేరు. పైగా టేబుల్ వెనక మనిషి కూర్చుని ఉంటే అది ఆఫీసు కౌంటర్‌లా ఉంటుంది, పనుంటే తప్ప ఎవరూ దగ్గరికి రారు. ల్యాంపు అలా కొనేది కాదు. స్విచ్ వెయ్యాలి, షేడ్ తిప్పాలి, చెక్క మీద చెయ్యి వేసి చూడాలి. అందుకే ముందు భాగమంతా వదిలేశాం. ల్యాంపుల్ని పక్క గోడల వెంట నడుము ఎత్తుకి పైన పెట్టాం. అంతకన్నా కింద పెడితే నలుగురు నిలబడగానే కనపడవు. కుర్చీలు వెయ్యలేదు, బిల్లులు రాసుకోవడానికి వెనక మూల చిన్న స్టాండు పెట్టాం.

వైర్లు దాచడానికి ప్లాట్‌ఫారం లేపుదామన్నాడు ఫ్యాబ్రికేటర్. ఒప్పుకోలేదు. నాలుగు వేళ్ల మందం మెట్టున్నా లోపలికి రాబోయిన కాలు ఆగుతుంది, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకైతే దారే ఉండదు. దారిలో ఉన్న కార్పెట్ రంగే లోపలా వేయించాను, స్టాల్ ఎక్కడ మొదలైందో కాలికి తెలియకుండా. అదొక్కటి మాత్రం చెప్పినట్టే వేశాడు.

సగంలో ఆపేశారా అని అడిగినవాళ్లు కూడా స్టాల్ మధ్యలో నిలబడే అడిగారు. నాకు కావలసింది అదే.

మిగతా డబ్బు కోసం ఫ్యాబ్రికేటర్ ఫోన్లు చేస్తున్నాడు. రాసిచ్చిన కాగితంలో ఉండీ రానివాటికి ఇవ్వనని చెప్పేశాను. వచ్చేసారి వెనక గోడా, లైట్లూ మావే. పేరు అక్షరాలు 10 సెంటీమీటర్లకి తగ్గకుండా, జనం తలల కన్నా పైన ఉంటాయి. అప్పుడు 12 మీటర్ల దూరం నుంచి కూడా ఇబ్బంది లేకుండా చదవొచ్చు. టేబుల్ మాత్రం ఉండదు.

మొదటి రోజు ఆర్డరిచ్చినవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఆ తెల్ల లైట్ల కింద మా మీగడ రంగు షేడ్ దాదాపు తెల్లగా కనపడింది. ఇంట్లో పసుపు బల్బు వేస్తే అలా ఉండదు. అందుకని ఆ రోజు రాసుకున్న ప్రతి ఆర్డరుకీ మేమే ఫోన్ చేసి, షేడ్ గుడ్డ ముక్క పంపిస్తున్నాం. మీ ఇంట్లో, మీ లైటు కింద చూసి సరే అన్నాకే కుడతాం. రంగు మార్చుకున్నా, అసలు వద్దనుకున్నా ఇచ్చిన డబ్బులో రూపాయి కూడా కోత ఉండదు. ఈ ఆర్డర్లు కొంచెం ఆలస్యమవుతాయి, మిగతావి చెప్పిన తేదీకే వస్తాయి. మా ఫోన్ ఇంకా రాకపోతే బిల్లు మీదున్న నంబరుకి మీరే చెయ్యండి. షేడ్ కుట్టడం మొదలుపెట్టాక రంగు మార్చలేం.