టచ్‌ప్యాడ్ సంగతి ముందు చూడు

చిన్నా,

స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడుతోందని అంత పొడుగు మెసేజ్ పెట్టావు. చివర్లో మాత్రం "టచ్‌ప్యాడ్ కూడా గట్టిపడిందిలే, మౌస్‌తో లాగించేస్తున్నా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు భయం వేసింది ఆ ముక్క చదివాకే.

చాలా లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్‌కి సరిగ్గా కిందే బ్యాటరీ ఉంటుంది. లిథియం సెల్స్ పాతబడి, వేడికి చెడితే లోపల గ్యాస్ చేరి దిండులా ఉబ్బుతాయి. కింది నుంచి అలా నెడుతుంటే టచ్‌ప్యాడ్ నొక్కుకోవడానికి చోటేది? మూత మూసి బల్ల మీద పెట్టి, కళ్లు బల్ల ఎత్తుకి దించి పక్క నుంచి చూడు. అడుగుభాగం ఆనకుండా ఊగుతోందా? మూత దగ్గర సందు కనిపిస్తోందా? తెరిచాక కీబోర్డు నడుమ ఎత్తుగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చార్జర్ పీకేసి షట్‌డౌన్ చెయ్. ఫైళ్లు కాపీ చేసుకోవడానికి కూడా మళ్లీ ఆన్ చెయ్యకు. చాలా మోడళ్లలో డిస్క్ విడిగా తీసి కాపీ చెయ్యొచ్చు. నొక్కి సర్దడం, సూదితో గాలి తియ్యడం లాంటివి వీడియోల్లో చూసి ఉంటావు, వాటి జోలికి పోకు. సెల్ పొర చిరిగితే మంట లేస్తుంది. పరుపు మీదా పుస్తకాల మధ్యా కాకుండా విడిగా పెట్టి, సర్వీస్ వాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లు.

ఉబ్బు లేదని తేలితేనే స్క్రీన్ దగ్గరికి రా. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపు. ఏదో ఒక కోణంలో బొమ్మ వచ్చి పోతుంటే తప్పు ఎక్కువగా స్క్రీన్‌కి వెళ్లే కేబుల్‌ది. అది కీలు లోంచి వెళ్తుంది, మూత తెరిచి మూసిన ప్రతిసారీ మెలిక పడుతుంది పాపం. నల్లబడినప్పుడు గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడు. ఐకాన్లు మసకగా కనిపిస్తే వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పోయినట్టు, బొమ్మ మాత్రం వస్తోంది. తర్వాత హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలుపు. లాప్‌టాప్ నల్లగా ఉన్నప్పుడు టీవీలో బాగా కనిపిస్తే ప్యానెలో కేబులో చూసుకుంటే చాలు. టీవీలోనూ రాకపోతే ర్యామ్‌నీ గ్రాఫిక్స్‌నీ అనుమానించాలి. ఇదంతా చూడకుండా "మదర్‌బోర్డ్ పోయింది" అనేవాడి మాట నమ్మకు. అన్నిటికంటే పెద్ద బిల్లు దానిదే మరి!

ఎప్పుడైనా పవర్ బటన్ నొక్కినా అసలు ఉలుకూ పలుకూ లేకపోతే చార్జర్ తీసేసి బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకో. బోర్డులో మిగిలిన చార్జ్ పోతుంది. చార్జర్ పెట్టి మళ్లీ ఆన్ చెయ్. వినడానికి తమాషాగా ఉంటుంది కానీ చాలాసార్లు పని చేస్తుంది. ఫ్యాన్‌లో దుమ్ము ఊదేటప్పుడు రెక్కల్ని పుల్లతో ఆపి పట్టుకో, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. తప్పు విండోస్‌దో వస్తువుదో తేల్చుకోలేకపోతే బయోస్ తెర (విండోస్ మొదలవ్వక ముందే వచ్చే సెట్టింగుల తెర) తెరిచి అలాగే వదిలెయ్. అక్కడా ఆగిపోతే తప్పు వస్తువుదే, విండోస్ మళ్లీ ఎక్కించి లాభం లేదు.

బ్యాటరీ మార్చాల్సే వస్తే డబ్బుల గురించి ఆలోచించకు, నేను పంపిస్తాను. కొనే ముందు పాతదాని మీదున్న పార్ట్ నంబరూ వోల్టేజీ కొత్తదానితో సరిచూసుకో. చూడ్డానికి ఒకేలా ఉండి కనెక్టర్ తేడాగా ఉండేవి దొరుకుతాయి. పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వమని సర్వీస్ వాళ్లకే చెప్పు.

అమ్మ